రెక్క వంగాలి బావా

మా బావకి విమానం గురించి తెలుసుకోవాల్సిన అవసరం ఒకటి వచ్చింది. అంతకుముందు ఆయన విమానాన్ని పట్టించుకున్న మనిషి కాదు. కోటబొమ్మాళి దగ్గర పల్లెలో పల్లం భూమిలో వరి, మెట్ట మీద నువ్వులు, ఉలవలు వేస్తాడు. ఆయన తలెత్తి ఆకాశం చూసేది మబ్బు కోసమే. నేను రాజాంలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఆయన మా అక్క భర్త. మా ఇద్దరి మధ్య మాటలన్నీ వాన గురించి, పంట గురించి, అక్క మోకాళ్ళ నొప్పి గురించే నడిచేవి.

ఆ అవసరం తెచ్చిపెట్టింది వాళ్ళమ్మాయి, నా మేనకోడలు. శ్రీకాకుళంలో డిగ్రీ పూర్తి చేసి, స్నేహితురాలి ఇంటికని చెప్పి విశాఖపట్నం వెళ్ళి, అక్కడ ఇంటర్వ్యూకి కూర్చుని విమానంలో ఉద్యోగం తెచ్చుకుంది. ఎయిర్ హోస్టెస్ అని నేనంటే, "క్యాబిన్ క్రూ అనాలి మావా" అని దిద్దింది. ముందు హైదరాబాదులో కొన్నాళ్ళు ట్రైనింగు. తర్వాత ఎక్కడికి పంపితే అక్కడికి.

మా అక్క ఒప్పుకోలేదు. సరిగ్గా ఆ వారమే ఎక్కడో ఒక విమానం కూలిపోయింది. విరిగిన తోక ముక్కని టీవీలో పొద్దస్తమానం చూపించారు. అక్క టీవీ కట్టేసి, రిమోటు పప్పు డబ్బా వెనకాల దాచేసింది. బావ అవుననలేదు, కాదనలేదు. నాకు ఫోన్ చేసి ఆదివారం రమ్మన్నాడు.

వెళ్ళాను. కోతలయిపోయి కళ్ళం ఖాళీగా ఉంది. అక్కడే గడ్డివాము నీడలో ఇద్దరం కూర్చున్నాం.

"ఒరే, నానొకటి అడుగుతాను," అన్నాడు. "తెలిస్తే సెప్పు. తెలీకపోతే తెలీదను. కతలు మాత్రం సెప్పకు."

"అడుగు బావా."

"ఆ విమానం ఆ ఆకారంలోనే ఎందుకుంటాది? టీవీలో సూత్తన్నాను కదా, ఏ దేశందైనా ఒకేలాగున్నాది. మద్దిని గొట్టం, రెండు రెక్కలు, ఎనక తోక. రెక్కలేమో ఎనక్కి వాలిపోయి ఉన్నాయి. ఇంజన్లేమో సూరుకి ఏలాడగట్టిన ఉట్టిలాగ రెక్క కింద ఏలాడతన్నాయి. ఎవులైనా ఆలోసించి సేసేరా, ఒకడు సేసేడని అందరూ అలగే సేసేసేరా?"

నేను నోరు తెరిచేలోపే ఆయనే మళ్ళీ అన్నాడు. "నాకది అర్థమైతే పిల్లని పంపుతాను. అర్థం కాకపోతే ఒద్దంటాను. ముక్కూ మొహం తెలీనిదాన్లో పిల్లనెలగ ఎక్కిస్తాను?"

పెళ్ళి సంబంధం వస్తే ఆయన అబ్బాయి ఊరు వెళ్ళి నాలుగిళ్ళలో కూర్చుని విచారించి వచ్చే రకం. ఇదీ అలాంటి విచారణే అని నాకప్పుడు అర్థమైంది. పిల్ల బతుకు నా నోటి మాట మీద ఆధారపడుతోందనే బెరుకు మొదలైంది. ఐనా చెప్పడం మొదలుపెట్టాను. నాకు తెలిసిన పని అదొక్కటే.

ముందు గొట్టం సంగతి చెప్పాను. అంత ఎత్తున గాలి పలచగా ఉంటుంది, మనిషికి ఊపిరి ఆడదు. అందుకని లోపల గాలి నింపి పట్టుకెళతారు. ఆ గాలి అన్ని వైపులకీ తోస్తూనే ఉంటుంది. పెట్టెలాగ నలుచదరంగా కడితే ఆ తోపుడంతా మూలల దగ్గర పోగై అక్కడే చిరుగుతుంది. గుండ్రంగా ఉంటే ఆ తోపుడు అంతటా సమానంగా పడుతుంది. "మన గ్యాస్ బండ గుండ్రంగా ఎందుకుంది? అందుకే. చివరికి కిటికీలకి కూడా మూలలు ఉండవు, చూడు," అన్నాను.

"సరే. రెక్కలెందుకు వాలిపోయాయి?"

"మీ చెరువు గట్టు నిటారుగా ఎక్కితే ఏమవుతుంది?"

"ఆయాసం వస్తాది."

"ఏటవాలుగా నడిచి ఎక్కితే?"

"దూరమౌతాది గానీ తేలిక."

"గాలికీ అంతే బావా. పెద్ద విమానం దాదాపు మన కేక ఎంత వేగంతో పోతుందో అంత వేగంతో పోతుంది. ఆ వేగంలో గాలి పక్కకి తప్పుకోలేక రెక్క మీద గట్టు కట్టినట్టు పేరుకుపోతుంది. రెక్కని వెనక్కి వాలిస్తే గాలి దాన్ని ఏటవాలుగా దాటుతుంది. అంత పేరుకోదు."

ఆయన కాసేపు చెయ్యి చాపి, వెనక్కి వాల్చి, మళ్ళీ చాపి చూసుకున్నాడు. తర్వాత ఇంజన్ల దగ్గరికి వచ్చాం. అది నాకంటే ఆయనకే తొందరగా తెలిసింది. ఇద్దరు మనుషులు కర్రకి బరువు కట్టుకుని భుజాల మీద మోస్తున్నారనుకో, బరువంతా మధ్యలో వేలాడితే కర్రకేమవుతుంది అని నేను అడుగుతుండగానే, "నడ్డి ఒంగిపోతాది. బుజాల దగ్గిరికి జరుపుకోవాల," అన్నాడు. అంతే. గాలి రెక్కల్ని పైకి మోస్తుంది, మధ్యలో గొట్టం కిందికి లాగుతుంది. ఇంజన్లని, ఇంధనాన్ని మధ్యలో పెట్టకుండా రెక్కల్లోనే పెడితే రెక్క మొదట్లో అంత ఒత్తిడి ఉండదు. పైగా ఇంజన్లో నిప్పు పుట్టినా జనానికి ఎడంగా ఉంటుంది, మెకానిక్కు నేల మీద నిలబడి బాగుచేసుకోవచ్చు.

"మరి గాలికి విరగవేటి?"

"వంగుతాయి. కొసలు పైకి లేస్తాయి, దిగుతాయి. కిటికీలోంచి కనబడుతుంది. వంగేలాగే చేస్తారు. తుపానుకి నీ జీడిమామిడి కొమ్మలు విరిగేయి కదా, గట్టు మీద వెదురు పొదకి ఏమైంది?"

"నేలకి వాలి లేచింది."

"రెక్క వంగాలి బావా. వంగకపోతేనే భయం. జనాన్ని ఎక్కించకముందే ఒక రెక్కని పట్టుకుని ఎంతవరకు వంగుతుందో గట్టిగా వంచి చూసుకుంటారు."

అప్పటికి అక్క టీ పట్టుకొచ్చి మా వెనకాలే నిలబడి ఉంది. "అయితే ఇంక పడదేటి?" అంది.

"పడదని ఎవరూ చెప్పలేరక్కా. పడడం చాలా అరుదు."

అక్క గ్లాసులు మా మధ్య పెట్టి వెళ్ళిపోయింది. బావ టీ తాగి, గ్లాసు బోర్లించి, "పంపుతాను," అన్నాడు.

పిల్ల వెళ్ళింది. ట్రైనింగయింది, ఉద్యోగంలో చేరింది. నెలకో రెండు నెలలకో వచ్చేది. నాకు అప్పుడప్పుడు ఫోన్‌కి రెక్క ఫోటోలు పంపేది. మబ్బుల మీద వెనక్కి వాలిన రెక్క, కింద బొజ్జలాంటి ఇంజను. "నీ సిలబస్ మావా" అని రాసేది. నేను వాటిని క్లాసులో చూపించేవాణ్ణి. బావ ఊళ్ళో ఎవరైనా విమానం మాటెత్తితే కర్ర, బరువు, భుజాలు అంటూ చెప్పేవాడట. అక్క మాత్రం ఎప్పుడూ ఒకటే అడిగేది, ఈరోజు డ్యూటీ ఉందా లేదా అని.

తర్వాతి సంవత్సరం నాట్లప్పుడు, మధ్యాహ్నం క్లాసులో ఉండగా తెలియని నంబరు నుంచి నాకు ఫోన్ వచ్చింది. రెండుసార్లు కట్ చేశాను. మూడోసారి బయటికొచ్చి తీశాను. నా మేనకోడలితో కలిసి అద్దెకుండే అమ్మాయి. ఢిల్లీ నుంచి హైదరాబాదు వస్తున్న విమానం కిందికి దిగే ముందు మబ్బుల్లో ఒక్కసారి పడిపోయినట్టు కుదిపిందనీ, జనం బెల్టులు పెట్టుకుని ఉండడంతో వాళ్ళకేమీ కాలేదనీ, మా పిల్ల మాత్రం తినుబండారాల ట్రాలీ లోపలికి తోస్తూ నిలబడి ఉందనీ చెప్పింది. తల పైకప్పుకి తగిలిందట. అక్కణ్ణించి నేల మీద వెల్లకిలా పడిందట. విమానం మామూలుగానే దిగింది. పిల్ల హైదరాబాదులోనే ఆసుపత్రిలో ఉంది. నడుముకి స్కానింగు చేస్తున్నారు.

"కాళ్ళు కదుపుతోందా?" అన్నాను.

"కదుపుతోందన్నారు అంకుల్."

బావ పొలంలో ఉన్నాడు. ఆయనకి చెప్పినప్పుడు ఫోన్లో నీళ్ళ చప్పుడు వినబడుతూనే ఉంది. "బతికున్నాదా?" అని ఒక్కటే అడిగాడు. ఉందన్నాను. "శ్రీకాకుళం వస్తన్నాను. నువ్వూ బేగి రా," అన్నాడు.

సాయంత్రం విమానంలో వెళ్ళాలని నేనే చెప్పాను. రైలయితే మర్నాటికి గానీ చేరం. అక్క ఎక్కనంది. తిట్టలేదు, ఏడవలేదు. "నాను రైల్లో వస్తాను. మీరు ముందెల్లి దాన్ని సూడండి," అంది. తోడికోడల్ని వెంటబెట్టుకుని స్టేషనుకి వెళ్ళిపోయింది. బావా నేనూ కారు మాట్లాడుకుని విశాఖపట్నం బయల్దేరాం. ఆయన లుంగీ మీదే వచ్చేశాడు. శ్రీకాకుళంలో తెలిసినవాళ్ళింట్లో నా సంచిలోని ప్యాంటు ఒకటి వేసుకున్నాడు. కాళ్ళకి బురద అలాగే ఉంది.

హైవే మీద సగం దూరం పోయాక అడిగాడు. "విమానానికేటయ్యింది?"

"ఏమీ కాలేదు బావా. బాగానే దిగింది."

"రెక్కలు?"

"బాగానే ఉన్నాయి."

ఆయన కిటికీ వైపు తిరిగాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. విమానం గురించి ఇన్నేళ్ళు పాఠం చెప్పినా నేనూ అంతకుముందు ఎప్పుడూ ఎక్కలేదు. ఎక్కే పని పడలేదు. మాకు రెక్క పక్కన సీట్లు వచ్చాయి. కిటికీ దగ్గర బావ కూర్చున్నాడు. నేల వదిలేటప్పుడు రెక్క కొస నెమ్మదిగా పైకి లేవడం నేను ఆయన భుజం మీదుగా చూశాను. అది లేవాలని నాకు తెలుసు. ఎందుకు లేస్తుందో బోర్డు మీద బాణాలు గీసి ఎందరికో చెప్పాను. ఐనా సీటు చేతుల్ని గట్టిగా పట్టుకున్నాను.

"ఒంగుతున్నాది," అన్నాడు బావ.

"వంగాలి."

"తెలుసులే. సెప్పేవు కదా."

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. అది లేకపోవడమే నాకు కష్టంగా ఉంది.

మబ్బుల్లోకి పోయాక విమానం కుదపడం మొదలుపెట్టింది. పెద్ద కుదుపు కాదు, గతుకుల రోడ్డు మీద బస్సంత. బెల్టు గుర్తు వెలిగింది. మైకులో అందర్నీ కూర్చోమన్నారు. నేను కళ్ళు మూసుకున్నాను. బావ చెయ్యి వచ్చి నా చేతి మీద పడింది. నాగలి పట్టిన గరుకు చెయ్యి. ఆయనకి భయం వేస్తోందనుకుని కళ్ళు తెరిచాను. ఆయన నా వైపు చూడ్డం లేదు, రెక్క వైపూ చూడ్డం లేదు. నడవాలో ఒక అమ్మాయి వరసగా సీట్ల మీద చెయ్యి ఆనించుకుంటూ, ఎవరు బెల్టు పెట్టుకున్నారో ఎవరు పెట్టుకోలేదో చూస్తూ, ఖాళీ కప్పులు తీసుకుంటూ వస్తోంది. మా పిల్ల వయసే ఉంటుంది. బావ ఆ అమ్మాయినే చూస్తున్నాడు.

ఆమె మా వరస దగ్గరికి రాగానే, "నువ్వు కూకోయమ్మా," అన్నాడు.

ఆ అమ్మాయికి తెలుగు వచ్చినట్టు లేదు. నవ్వి, నీళ్ళు కావాలా అన్నట్టు చేత్తో చూపించింది.

"నీల్లొద్దు. ముందు నువ్వెల్లి కూకో. నాకు నీల్లొద్దమ్మా."

ఆమె నా వైపు చూసింది. నాకొచ్చిన ఇంగ్లీషులో, మీరు కూర్చోవాలని ఆయన అంటున్నాడని చెప్పాను. ఆమె మళ్ళీ నవ్వి, ఇదిగో వెళుతున్నానంది. ఇంకా ముందు వరసలు మిగిలి ఉన్నాయి. అవన్నీ అయ్యేదాకా బావ మెడ చాచి చూస్తూనే ఉన్నాడు. చివర ఆమె తలుపు దగ్గర మడత సీటు దింపి, కూర్చుని, భుజాల మీంచి పట్టీలు బిగించుకున్నాక గానీ ఆయన నా చెయ్యి వదల్లేదు.

ఆసుపత్రిలో పిల్ల కదలకుండా వెల్లకిలా పడుకుని ఉంది. నుదుటి మీద కుట్లు, ఒక చెంప నల్లగా వాచి ఉంది. వాళ్ళ నాన్నని చూసి, "ప్యాంటేటి నాన్నా," అంది. బావ మంచం పక్కన కూర్చుని దుప్పట్లోంచి బయటికొచ్చిన పాదాలు పట్టుకున్నాడు. ఆమె వేళ్ళు కదిపి చూపించింది. ఆయన ఇంకా కదపమన్నాడు. ఇంకా కదిపింది.

నడుము దగ్గర ఒక వెన్నుపూస నలిగిందనీ, లోపలి నరాలకి దెబ్బ తగల్లేదనీ డాక్టరు చెప్పాడు. ఆపరేషన్ అక్కర్లేదు. నడుముకి గట్టి పట్టీ వేసుకుని కొన్ని నెలలు జాగ్రత్తగా ఉండాలి. తర్వాత ఎలా ఉంటుందో అప్పుడు చూడాలి. ఆ చివరి మాట దగ్గర బావ తలెత్తాడు.

పిల్లకి మందులతో నిద్ర పట్టాక ఇద్దరం వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. అక్కడ అడిగాడు.

"ఒరే, గొట్టం గుండ్రంగా ఎందుకుండాలో ఆలోసించేరు. రెక్క ఎంత ఒంగితే విరుగుతాదో ఒంచి మరీ సూసేరు. మద్దిని నిలబడ్డ మనిషి సంగతేటి ఆలోసించేరు?"

"సీటు బెల్టులున్నాయి కదా బావా."

"అవి కూకున్నోల్లకి."

నేను చెప్పగలిగింది ఒకటే ఉంది. "ఆ ఆకారమంతా విమానం పగిలిపోకుండా నేలకి తిరిగి రావడానికి బావా. లోపలి వాళ్ళు కూర్చుని ఉంటారనే అనుకుంటారు. గాలి ఒక్కసారిగా కిందికి తోసేస్తే విమానం దాంతో పాటు దిగుతుంది. దేనికీ కట్టని మనిషి ఉన్నచోటే ఉండిపోతాడు. పైకప్పు వచ్చి తలకి తగులుతుంది. దానికి రెక్క ఎలాంటిదైనా ఒకటే."

"అది నువ్వు ఆ రోజు సెప్పలేదు."

"నువ్వు విమానం గురించి అడిగావు."

అన్నాను. మేం ఇద్దరం నిజమే మాట్లాడుకున్నాం, దానివల్ల ఎవరికీ తేలికవలేదు.

మర్నాడు అక్క వచ్చింది. పిల్లని చూసింది, తల నిమిరింది, పాలు తాగించింది. బయటికొచ్చి నన్ను గోడ దగ్గరికి పిలిచింది. "నువ్వు సెప్పేవనే ఈయన ఒప్పుకున్నాడు. గ్యాస్ బండ, గట్టు, ఎదురు అని సెప్పేవు. నాకు నోరు లేకుండా సేసేవు," అంది. నేను బదులు చెప్పబోతే చెయ్యెత్తి ఆపింది. ఆ రోజు నుంచి చాలాకాలం నాతో మాట్లాడలేదు.

పిల్లని ఊరికి తీసుకొచ్చేశారు. గట్టి పట్టీతో నిటారుగా, రాయిలా కూర్చునేది. నేను ఆదివారాలు బస్సెక్కి వెళ్ళేవాణ్ణి. అక్క అన్నం పెట్టేది, కూర వేసేది, మాట మాత్రం లేదు. ఏదైనా చెప్పాలంటే గోడకి చెప్పేది: "ఇంకొంచెం పులుసు కావాలేమో అడుగు." అడగడానికి అక్కడ ఇంకెవరూ ఉండేవారు కాదు. నేను కావాలనో వద్దనో అనేవాణ్ణి.

ఒక రోజు పిల్లే ఆ సంగతి ఎత్తింది. "అమ్మ మాట పట్టించుకోకు మావా. నువ్వు చెప్పకపోయినా నేను వెళ్ళేదాన్ని. ఇంటర్వ్యూకి నిన్నడిగి వెళ్ళానా?"

"లేదు."

"మరి? నీ వల్ల వెళ్ళానని నువ్వనుకుంటే నాకు కోపం వస్తుంది."

ఆ రోజు ఏం జరిగిందని అప్పుడు అడిగాను. అందరూ కూర్చున్నారో లేదో చూసుకుంటూ వచ్చాననీ, ఒక పెద్దాయన బాత్రూమ్‌కి లేస్తే కూర్చోబెట్టాననీ, ట్రాలీకి తాళం వేస్తే ఇంక తను కూర్చునే వంతేననీ చెప్పింది. "ఊయల తాడు తెగినట్టయింది. అంతే. తర్వాత నేల మీద ఉన్నాను. ఆ పెద్దాయనే ముందు లేవబోయాడు. లేవకండి అని అక్కణ్ణించే అరిచాను," అని కాస్త ఆగి, "గట్టిగానే అరిచాను," అంది.

చలికాలానికి పట్టీ తీసేశారు. పిల్ల ముందు పెరట్లో, తర్వాత ఊరి రోడ్డు మీద, తర్వాత పొలం దాకా నడిచింది. వంగి చెప్పులు వేసుకోవడానికి ఇంకా కొంచెం ఆలోచించేది. కంపెనీవాళ్ళు నేల మీద, కౌంటరు దగ్గర పని ఇస్తామన్నారు. ఆమె వద్దంది. డాక్టరు పరీక్షకి వెళ్ళి, ఎగరడానికి పనికొస్తానని తేలితే ఎగురుతానంది. ఆ పరీక్షలో ఆమె తప్పితే బాగుండునని నేను లోలోపల కోరుకున్నాను. ఈ మాట ఎవరితోనూ అనలేదు. ఆమె పాసయింది.

ఈసారి బావ నన్నేమీ అడగలేదు. అడుగుతాడేమోనని రెండు ఆదివారాలు వెళ్ళి కూర్చున్నాను. ఏం చెప్పాలో బస్సులో కూడబలుక్కునేవాణ్ణి, దిగేసరికి ఏదీ సరిగ్గా అనిపించేది కాదు. ఆయన నువ్వుల ధర గురించి, కాలవలో పూడిక గురించి మాట్లాడేవాడు.

ఆమె వెళ్ళే రోజు కోటబొమ్మాళి స్టేషనుకి అందరం వెళ్ళాం. అక్క కూడా వచ్చింది. రైలు కనబడ్డాక బావ కూతురి దగ్గరికి వెళ్ళి, "అందర్నీ కూకోబెట్టాక కూకుందామని ఉండకు. ముందు నువ్వు కూకో," అన్నాడు.

"అలా కుదరదు నాన్నా. అదే మా పని."

"తెలుసు," అన్నాడాయన. "అయినా సెప్తన్నాను."

రైలు కదిలింది. బావ ఆమె ఎక్కిన పెట్టె వెంట కొంచెం దూరం నడిచి ఆగిపోయాడు.

ఇది జరిగి రెండు వానాకాలాలు గడిచాయి. మా అక్క నాతో మాట్లాడడం మొదలుపెట్టింది గానీ ముందున్నట్టు కాదు. మబ్బు పట్టిన రోజుల్లో ఫోన్ చేస్తుంది. పిల్ల ఆ రోజు ఏ ఊరి నుంచి ఏ ఊరికి వెళుతోందో తను కనుక్కుని ఉంటుంది. "దారిలో వానుందేటి? సూసి సెప్పు," అంటుంది. నేను ఫోన్లో వాతావరణం చూస్తాను. ఉంటే ఉందని చెబుతాను, ఎంత ఉందో కూడా చెబుతాను. విమానం మబ్బుని తప్పించుకుని వెళుతుందక్కా అని మొదట్లో కలిపేవాణ్ణి. ఇప్పుడు కలపను. అక్క అవతల "ఊ" అంటుంది. వెంటనే పెట్టెయ్యదు. పిల్ల దిగినట్టు మెసేజ్ వచ్చేదాకా, ఒక్కోసారి, ఇద్దరం ఆ ఫోన్ అలాగే పట్టుకుని ఉంటాం. ఆవిడ వంటింట్లో గిన్నెల చప్పుడు నాకు వినబడుతుంది, మా స్టాఫ్ రూములో ఫ్యాను చప్పుడు ఆవిడకి వినబడుతుంది.